హింస నుండి తామరకొలనునకు: ఎ. రామచంద్రన్ చిత్రకళా పరిణామము

ఒక చిత్రకారుడు తన తొలి పద్ధతిని జీవితాంతము విడువకున్నచో లోకము అతనిని సులభముగా గుర్తించును, మార్చుకొన్నచో సంశయించును. ఢిల్లీ నగరమున దాదాపు ఆరు దశాబ్దములు చిత్రరచన గావించిన ఎ. రామచంద్రన్ అట్టి సంశయమునకు గురియైనవారిలో ప్రముఖుడు. నడివయసు వరకు మానవుని యాతనను చిత్రించి, ఆ పిదప తామరకొలనులను చిత్రించిన ఈయన వాస్తవము నుండి పారిపోయెనా, లేక దానినే మరియొక మార్గమున చేరుకొనెనా? ఆయన కళాజీవితమును వరుసగా పరిశీలించిననే గాని దీనికి సమాధానము లభింపదు.

రామచంద్రన్ 1935లో కేరళమందలి అట్టింగల్‌లో జన్మించెను. 1957లో మలయాళ సాహిత్యమున ఎం. ఏ. పట్టము పొంది, శాంతినికేతనమునకు పోయి కళాభవనమున చేరెను. అచ్చట రాంకింకర్ బైజ్, వినోదబిహారీ ముఖోపాధ్యాయులు ఆయనకు గురువులు. సంతాలుల నిత్యజీవితము నుండి మహాశిల్పములను రూపొందింపవచ్చునని రాంకింకర్ చూపియుండెను. గోడను కావ్యముగా మలచు విద్యను వినోదబిహారీ ఎరుగును. వీరి శిక్షణమునకు తోడు, కేరళ దేవాలయముల భిత్తిచిత్రములను రామచంద్రన్ స్వయముగా పరిశోధించెను. ఆ కృషిఫలము 2005లో గ్రంథరూపమున వెలువడినది. సాహిత్యము, భిత్తిచిత్రము, గ్రామీణజీవితము, ఈ మూడును ఆయనకు యౌవనముననే సంక్రమించినవని మనము గుర్తుంచుకొనవలెను. అవి ఫలించుటకు మాత్రము చాలకాలము పట్టినది.

ఏలనన, విద్యార్థిదశలో ఆయన కలకత్తాలో చూచినది వేరు. దేశవిభజన వలన నిర్వాసితులైన శరణార్థుల దైన్యము ఆయన మనస్సును కలచివైచెను. 1965లో ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో అధ్యాపకుడుగా చేరిన పిదప గీచిన పెద్ద చిత్రములలో ఈ వేదనయే ప్రధానము. వానియందు శరీరములు మెలికలు తిరిగియుండును. కొన్నింట మనుష్యులకు తలలే యుండవు. యాదవకుల వినాశమును చిత్రించినపుడు కూడ ఆయన చూచినది పురాణకథను కాదు, తన కాలపు మారణకాండనే. 1974లో పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగిన మరుసటి సంవత్సరము, రాగమాలాచిత్రముల లాలిత్యమును వ్యంగ్యముగా గ్రహించి 'న్యూక్లియర్ రాగిణి'ని రచించెను. 1969లోను 1973లోను లలితకళా అకాడమీ జాతీయ పురస్కారములు లభించినవి. ఆ దారినే నడచినచో కీర్తికి లోటుండెడిది కాదు.

1984లో ఇందిరాగాంధీ హత్యానంతరము ఢిల్లీ వీథులలో సిక్కులపై ఘోరకృత్యములు జరిగినవి. ఒక సిక్కును గుంపు కొట్టి చంపుటను రామచంద్రన్ తన కిటికీ నుండి చూచెను. అంతవరకు హింసను రంగులలో చూపినవాడు, కన్నెదుట జరిగిన హింసను చిత్రవస్తువు గావించుటకు ఇచ్చగింపలేదు. ఒకని మరణయాతన గోడపై అలంకారమగుట ఆయనకు దుస్సహమయ్యెను.

ఆ కాలమున, 1984–86 నడుమ, రూపొందినదే 'యయాతి'. సుమారు అరువది అడుగుల పొడవున పన్నెండు ఫలకములు, వాని ముందు పదమూడు కంచుశిల్పములు కలిగిన ఈ కృతి ఉష, మధ్యాహ్నము, సంధ్య అను మూడు భాగములుగా నడచును. నన్నయ భారతము, పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' చదివిన తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. కుమారుని యౌవనమును అడిగి పుచ్చుకొని అనుభవించియు తృప్తినొందని రాజును, ఏబదియవ యేట అడుగిడుచున్న చిత్రకారుడు ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. ఇందలి స్త్రీమూర్తులకు ఆధారము రాజస్థానమున సంచరించు గాడియా లోహారులు. కేరళ భిత్తిచిత్రముల రేఖ, రాంకింకర్ నేర్పిన గ్రామీణదృష్టి, కావ్యపరిచయము ఇచ్చట మొదటిసారిగా ఒకటైనవి.

1992లో ఉద్యోగమును వీడిన తరువాత ఆయన దృష్టి ఉదయపుర ప్రాంతపు భిల్లుల పల్లెలపైనను, నాగదా మున్నగు చోట్ల తామరకొలనులపైనను నిలిచెను. అచ్చటికి పలుమారులు పోయి ఆకును, మొగ్గను, పురుగును నోటుపుస్తకములలో గీచుకొని, ఢిల్లీలోని తన కళాశాలలో విశాలమైన పటములుగా విస్తరించెడివాడు. వానిలో కేవలము వికసించిన పద్మములే కాదు, ఎండి ముడుచుకొన్న ఆకులును, వంగిన కాడలును కలవు. కొన్ని చిత్రములలో తాబేలుగనో, పక్షిగనో, కీటకముగనో చిత్రకారుని ముఖమే కనిపించును. వెనుక మనుష్యునకు తల లేకుండ చేసినవాడు ఇచ్చట తన తలను అల్పప్రాణికి ఒసగుట గమనింపదగినది.

ఇది అలంకారప్రియత్వమని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణ నిరాధారమని చెప్పరాదు: రంగుల సమృద్ధి కొన్ని పటములలో కంటిని త్వరగా తృప్తిపరచును. కాని హింసను విస్మరించి సౌందర్యమును వరించుట వేరు, దానిని చూచి మరియొకదానిని ఎన్నుకొనుట వేరు. రామచంద్రన్ చేసినది రెండవది. 2003లో జాతీయ ఆధునిక కళామందిరమున ఆయన సమగ్రకృషి ప్రదర్శింపబడెను. 2005లో పద్మభూషణ బిరుదము లభించెను. 2024 ఫిబ్రవరి 10న ఢిల్లీలో పరమపదించునప్పటికి ఆయనకు ఎనుబదియెనిమిది సంవత్సరములు. తొలినాటి తలలేని దేహములను చూచిన పిదప ఆయన కొలనుల యొద్ద నిలిచినవారికి, ఆ నీటి నిశ్చలత్వము ఎంత మూల్యమునకు లభించినదో తెలియగలదు.