ఇరవై నిమిషాల దూరం

మధ్యాహ్నం రెండు దాటింది. ఫైరింజను ముందు సీట్లో, డ్రైవరుకూ లీడింగ్ ఫైర్‌మన్‌కూ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు మీరు. కాళ్ళకు ఇంజను సెగ, మొహానికి వడగాలి. వెనక ట్యాంకులో 4,500 లీటర్ల నీళ్ళున్నాయి, అంటే నాలుగున్నర టన్నుల బరువు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి దాదాపు ఆగిపోతుంది, మళ్ళీ మొదటి గేరు నుంచీ ఎక్కాలి. సైరన్ మోగుతూనే ఉంది గానీ అడ్డంగా వెళ్తున్న గేదెలకు అది పట్టదు.

“అన్నా, ఇంకెంత?” వెనక నుంచి కుర్ర ఫైర్‌మన్ కేకేస్తాడు.

“పద్దెనిమిది కిలోమీటర్లు,” అంటాడు డ్రైవరు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

మీరు గడియారం చూసుకుంటారు. స్టేషన్లో గంట కొట్టి అప్పుడే ఇరవై నిమిషాలైంది. కేంద్ర హోంశాఖకు సలహాలిచ్చే అగ్నిమాపక స్థాయీ మండలి చెప్పిన లెక్క ప్రకారం ఈపాటికి మీరు మంట ముందు నిలబడి ఉండాలి. పట్నంలో అయితే ఐదు నుంచి ఏడు నిమిషాలు, పల్లెలో ఇరవై. ఆ ఇరవై ఇక్కడ, నడిరోడ్డు మీద, గేదెల వెనకే అయిపోయింది.

ఊరి పేరు చెప్పను. పల్నాడు జిల్లాలో పడమటి వైపు ఏ ఊరైనా అనుకోండి, పెద్దగా తేడా ఉండదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఈ జిల్లా పుట్టింది. మిర్చి, పత్తి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, రోడ్ల వెంబడి లేస్తున్న కోల్డ్ స్టోరేజీలు, అన్నీ పెరుగుతున్నాయి. తగలబడడానికి వీలున్న సరుకు కూడా వాటితోపాటే పెరుగుతోంది.

ఊళ్ళోకి మలుపు తిరగ్గానే వాసన ముందు తగులుతుంది. కాలిన తాటాకు, కరిగిన ప్లాస్టిక్కు, కాస్త కాలిన బియ్యం. నాలుగు పూరిళ్ళు పోయాయి. నిట్రాటలు మాత్రం నల్లగా నిలబడి ఉన్నాయి. ఒక ఇంట్లో ఇనుప బీరువా పెయింటు బుడగలెక్కి, తలుపు వంగిపోయి కనిపిస్తుంది. దానిలో పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, కౌలు కట్టడానికి తెచ్చిన డబ్బు ఉన్నాయని పక్కవాళ్ళెవరో చెబుతున్నారు. ఎవరూ దాన్ని తెరవడం లేదు.

“ఇప్పుడొచ్చారా నాయనా,” అంటుంది ఒక ముసలమ్మ. కోపం కూడా లేదు ఆ గొంతులో.

“ఫోనొచ్చిన నిమిషానికి బయల్దేరామమ్మా,” అంటాడు లీడింగ్ ఫైర్‌మన్. ఆమెదీ నిజమే, ఆయనదీ నిజమే.

ఐదో ఇల్లు మాత్రం మిగిలింది. ఎలా మిగిలిందో చూడాలంటే వీధి చివరికి రండి. మిర్చికి మందు కొట్టే ట్రాక్టరు స్ప్రేయర్లు రెండు అక్కడ ఆగి ఉన్నాయి, వాటి పక్కన మసి మొహాలతో కుర్రాళ్ళు. మందు డ్రమ్ముల్లో నీళ్ళు పోసి, ఐదో ఇంటి కప్పు తడుపుతూనే ఉన్నారట. వీళ్ళకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పలేదు. కొత్త స్టేషన్ల గురించి రాసే ఏ ప్రతిపాదనలోనైనా ఇలాంటి కుర్రాళ్ళకు ఏటా రెండు రోజుల శిక్షణ అని ఒక లైను ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది. దానికి అయ్యే ఖర్చు ఫైరింజను టైర్ల ఖర్చుతో పోలిస్తే ఎంత?

ఇక మిగిలింది గడ్డివాము. దూరం నుంచి చూసేవాళ్ళకు ఇది చిన్న పనే. దగ్గరికెళితే తెలుస్తుంది. పైన నీళ్ళు కొడితే జారి కిందికొస్తాయి, లోపల మంట లోపలే రగులుతుంటుంది. జేసీబీ తెచ్చి వామును విప్పి, పొర పొరగా పరిచి తడపాలి. రెండు గొట్టాలతో కొడితే ట్యాంకు పది నిమిషాలు కూడా రాదు. మరి నీళ్ళెక్కడ? సాగర్ కుడి కాలువ ఈ ఎండాకాలపు నెలల్లో ఎండిపోయి ఉంటుంది. సరిగ్గా మంటల కాలంలోనే కాలువ కట్టేస్తారు. పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగంటింది. బోరు మోటారు వేద్దామంటే కరెంటు లేదు. ఇళ్ళంటుకున్నాయని ఫోను రాగానే లైన్‌మన్ ఫీడరు ఆపేశాడు. అతను చేసింది సరైన పనే, తీగలు తెగిపడితే ప్రాణాలు పోతాయి. కానీ ఆ సరైన పనితో ఊళ్ళో మోటార్లన్నీ ఆగిపోయాయి. చివరికి ఒక రైతు డీజిలింజను పెట్టి పొలంలోని కుంట నుంచి తోడి పోస్తాడు. గడ్డివాము ఆరేసరికి చీకటి పడింది. ఆ నాలుగైదు గంటలూ స్టేషన్లో బండి లేదు. ఇంకెక్కడైనా అంటుకుంటే పక్క నియోజకవర్గం నుంచి రావాలి.

ఇప్పుడు మరో చోటికి, ఒక గదిలోకి రండి. ఏసీ ఉంది, బల్ల మీద బిస్కెట్లున్నాయి. కొత్త అగ్నిమాపక కేంద్రాల మీద సమావేశం. గోడ మీద తెరపై జిల్లా పటం.

ముందుగా వచ్చేది విస్తీర్ణం లెక్క. పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలన్నది పాత ప్రమాణం. జిల్లా విస్తీర్ణం సుమారు 7,300 చదరపు కిలోమీటర్లు. మీరు మనసులో భాగించేలోపే ఎవరో అనేస్తారు: “నూట నలభై ఆరు!” బల్ల చుట్టూ నవ్వులు. ఉన్నవి 28 మండలాలు. మండలానికి ఐదు స్టేషన్లు కట్టే డబ్బు ఏ ప్రభుత్వం దగ్గరా లేదు, నల్లమల అడవి అంచున మనుషుల్లేని చోట కట్టాల్సిన అవసరమూ లేదు.

అందుకే కేంద్ర హోంశాఖ కోసం ఆర్‌ఎంఎస్‌ఐ సంస్థ చేసిన అధ్యయనం విస్తీర్ణాన్ని పక్కనబెట్టి రోడ్డు మీద పట్టే సమయాన్ని కొలత చేసుకుంది. ఆ లెక్కలో దేశం మొత్తానికి 8,559 స్టేషన్లు కావాలని తేలింది. అప్పటికి ఉన్నవి అందులో సగం కూడా లేవు. జిల్లా అగ్నిమాపక అధికారి పటం మీద వలయాలు గీయకుండా రోడ్ల వెంబడి గీతలు గీస్తాడు. ఒక్కో గీత ఇరవై నిమిషాల పొడవు. గీతలు చేరని ఊళ్ళు ఖాళీగా కనిపిస్తాయి. మీరు మొన్న వెళ్ళిన ఊరు ఆ ఖాళీలోనే ఉంది.

తర్వాత డబ్బు. గదిలో అందరూ కాస్త ముందుకు వంగే ఘట్టం ఇదే. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం 2023లో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు 5,000 కోట్ల పథకం తెచ్చింది. అందులో 500 కోట్లు చట్టాలూ వ్యవస్థా సంస్కరించుకున్న రాష్ట్రాలకు ప్రోత్సాహకం. మనలాంటి రాష్ట్రాలు ఖర్చులో 25 శాతం తమ బడ్జెట్ నుంచి పెట్టుకోవాలి, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలైతే 10 శాతం. ఇంకొకాయన జిల్లా ఖనిజ నిధిని గుర్తు చేస్తాడు. సున్నపురాయి తవ్వేవాళ్ళు లీజును బట్టి రాయల్టీ మీద 10 లేదా 30 శాతం అందులో కట్టాలి. తవ్వకాలున్న మండలాలకు అందులోంచి అడగొచ్చంటాడు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లుంటాయి కదా అని మరొకరు.

బాగానే ఉంది. భవనం లేస్తుంది, ఎర్ర బండి వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. మరి ఆ బండెక్కేదెవరు? డ్రైవరు, లీడింగ్ ఫైర్‌మన్, నలుగురు ఫైర్‌మన్లు, మొత్తం ఆరుగురు అనుకోండి. రెండు షిఫ్టులకు పన్నెండు మంది. వారాంతపు సెలవులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు కలుపుకుంటే పదహారు దాటుతుంది. ఆ జీతాలు ఒక ఏడాదితో అయిపోయేవి కావు, మనిషి రిటైరయ్యే దాకా సాగుతాయి. వాటికి రాష్ట్ర ఖజానాయే దిక్కు. ఎంపీ నిధుల్ని అలాంటి నెలవారీ ఖర్చులకు వాడనివ్వరు. పోస్టులు మంజూరు కాకుండా భవనం కడితే ఏమవుతుందో ఈ గదిలో అందరికీ తెలుసు. పాత స్టేషన్ల నుంచి ఇద్దరేసి మనుషుల్ని లాగి, హోంగార్డులతో నింపి నెట్టుకొస్తారు. కొత్తదీ సగమే, పాతదీ సగమే. నన్నడిగితే ముందు పోస్టుల జీవో రావాలి, శంకుస్థాపన తర్వాత. ఎన్నికల ముందు ఈ మాట చెల్లదనుకోండి.

ఒక మూల నుంచి పంచాయతీరాజ్ అధికారి మెల్లగా అంటాడు: “ఇది మా పద్దులోకి రాదండీ.” నిజమే. రాజ్యాంగం 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు మున్సిపాలిటీల జాబితాలో ఉన్నాయి. పంచాయతీల 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి, చదివి చూడండి, నిప్పు ఆర్పే మాట ఎక్కడా లేదు. పూరిళ్ళు, గడ్డివాములు ఉన్నది మాత్రం పంచాయతీల్లోనే.

సాయంత్రం ఐదింటికి స్థలం చూడ్డానికి జీపెక్కుతారు. పటం మీద ఖాళీగా కనిపించిన ఒక మండలంలో మూడు చోట్లు చూపిస్తున్నారు. మొదటిది ఒక దాత ఇస్తానన్న ముప్పై సెంట్లు. మంచి మనసే, కానీ గుడి వెనక సందులోంచి ఫైరింజను తిరగదు. రెండోది మండల కేంద్రంలో, తహసీల్దారు ఆఫీసు పక్కన. నాయకుల అనుచరులకు ఇదే కావాలి, నలుగురి కంట పడుతుంది. అగ్నిమాపక అధికారి ఏమీ అనకుండా మిమ్మల్నీ ఒక అనుచరుడినీ జీపులో ఎక్కించుకుని బయటి ఊళ్ళ వైపు బయల్దేరతాడు. నాలుగు నిమిషాల్లో రైల్వే గేటు పడుతుంది. గూడ్సు వెళ్ళేదాకా అందరూ మౌనంగా కూర్చుంటారు. గేటు లేచేసరికి అధికారి ఫోనులో పదకొండు నిమిషాలు గడిచాయి. ఆయన దాన్ని అనుచరుడికి చూపించి ఫోను జేబులో పెట్టుకుంటాడు.

మూడోది గేటు దాటాక, నాలుగు రోడ్ల కూడలి దగ్గర పోరంబోకు. ముళ్ళకంప, పగిలిన సీసాలు, ఒక పాత లారీ టైరు. చూడ్డానికేమీ లేదు. కానీ ఇక్కడి నుంచి రెండు కోల్డ్ స్టోరేజీలు కనిపిస్తున్నాయి. మిర్చి టిక్కీలు అంటుకుంటే ఆ ఘాటు పొగలో మాస్కూ సిలిండరూ లేకుండా మనిషి నిలవలేడు, లోపల రోజుల తరబడి రగులుతుంది. శీతలీకరణకు అమ్మోనియా వాడే చోటైతే ఆ భయం వేరే. అలాంటి మంటకు మొదటి పది నిమిషాల్లో చేరే బండి వేరు, గంటకు చేరే బండి వేరు.

సర్వేయరు గొలుసు పట్టుకుంటాడు. పంచాయతీ ప్రెసిడెంటు చెమట తుడుచుకుంటూ అడుగుతాడు: “బండెప్పుడొస్తుంది సార్?”

“భవనం అయ్యేదాకా మార్కెట్ యార్డులో ఒక షెడ్డివ్వండి ప్రెసిడెంటు గారూ. చిన్న బండి ఒకటి, ఐదుగురు మనుషుల్ని ఎండాకాలం మూడు నెలలూ అక్కడుంచుతాను. ఫైలు నడిచేది నడుస్తుంది.” అని ఇంజనీరు వైపు తిరుగుతాడు. “ఎస్టిమేటులో బోరు ఎక్కడ పెట్టావు?”

“వెనకాల సార్. ఐదు హెచ్‌పీ మోటారు.”

“డీజిల్ పంపు కూడా రాయి. మంటలొచ్చినప్పుడు కరెంటు తీసేస్తారు. అప్పుడే కదా నాకు నీళ్ళు కావాల్సింది.”

ఇంజనీరు కాగితం జీపు బానెట్ మీద పెట్టి, కొట్టేసి, మళ్ళీ రాస్తాడు.