పేదల గృహవసతి: నగరపాలక సంస్థ, బస్తీ సంఘాల ఉమ్మడి బాధ్యత
(ప్రత్యేక వ్యాసం)

నగరంలోని పేద కుటుంబానికి గృహవసతి కల్పించడమంటే గోడలు, పైకప్పు నిర్మించి ఇవ్వడం మాత్రమే కాదు. స్థలంపై హక్కు, మంచినీరు, మురుగునీటి పారుదల, ఉపాధి చోటుకు రవాణా కూడా అందవలసి ఉంటుంది. వీటిని సమకూర్చే ప్రభుత్వ సంస్థలకు, లబ్ధిదారులకు మధ్య వారధిగా నిలిచేది నివాసుల సంఘమే.

హైదరాబాద్ నగరపాలక సంస్థ 1967లో పట్టణ సామాజికాభివృద్ధి పథకాన్ని (యు.సి.డి.) ప్రయోగాత్మకంగా చేపట్టింది. అనంతరం యునిసెఫ్, 1980వ దశకంలో బ్రిటన్ ప్రభుత్వం ఇందుకు చేయూతనిచ్చాయి. స్థలాలకు పట్టాలు ప్రభుత్వం నుండి, గృహ రుణాలు హడ్కో, బ్యాంకుల నుండి లభించగా, బస్తీ వికాస మండలులు, మహిళా మండలులు స్థానికులను సమీకరించాయి.

బోరబండలోని కాలనీలు నేటికీ సైట్-1, సైట్-2, సైట్-3 అనే పేర్లతోనే వ్యవహారంలో ఉన్నాయి. 1998లో సమీపాన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు రావడంతో బోరబండ, హైటెక్ సిటీ ఒకే మార్గంలోని స్టేషన్లయ్యాయి. పనిచోటుకు చేరువలో ఉండడం ఇక్కడి శ్రామిక కుటుంబాలకు ఇంటితో సమానమైన ఆస్తి.

తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన రెండు పడక గదుల ఇళ్ల పథకం కింద 560 చదరపు అడుగుల గృహాలను ఉచితంగా నిర్మించారు. 2023 జూన్ 22న సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయం ప్రారంభమైంది. ఇటువంటి బహుళ అంతస్తుల భవనాలలో లిఫ్టులు, నీటి మోటార్లు, ఉమ్మడి దీపాల నిర్వహణకు నివాసుల సంఘం తప్పనిసరి. నెలవారీ రుసుము వసూలు కాకపోతే పై అంతస్తుల వారికి నీరు అందదు.

2024 మార్చి 11న ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం గలవారికి రూ. 5 లక్షల సహాయం నిర్దేశించింది. ఇందులో స్థల హక్కు కీలకం. అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలాలలో నివసించే పేదలకు 125 చదరపు గజాల వరకు ఉచిత క్రమబద్ధీకరణకు 2014 డిసెంబరులో జి.ఓ. 58 వెలువడింది. దరఖాస్తులు, పత్రాల సేకరణలో బస్తీ సంఘాలు తోడ్పడితే అర్హులెవరూ మిగిలిపోరు.

రాజ్యాంగ 74వ సవరణ ద్వారా 1993లో అమలులోకి వచ్చిన 12వ షెడ్యూలు మురికివాడల అభివృద్ధిని పురపాలక సంస్థల విధులలో చేర్చింది. మంచినీరు, మురుగునీటి వ్యవస్థను 1989లో ఏర్పడిన జలమండలి నిర్వహిస్తోంది. కనుక శాఖల సమన్వయం కూడా అవసరమే.

పూర్తయిన ఇళ్ల సంఖ్య ఒక్కటే పథకం ఫలితానికి కొలమానం కాజాలదు. హక్కు పత్రం ఎవరి పేరున ఉన్నది, ఉపాధి ఎంత దూరాన ఉన్నది, నిర్వహణ భారం ఎవరు వహిస్తున్నారు అనే అంశాలను అధికారులు, పాత్రికేయులు కూడా పరిశీలించవలసి ఉంది.