ఫుట్‌బాలు పిచ్చి - కొన్ని చిల్లర చికాకులు, ఒక మరుగుపడిన చరిత్ర

తెలుగునాట ఫుట్‌బాలును ప్రేమించేవాడికి చికాకులు పేరుతోనే మొదలవుతాయి. 'పాదకందుక క్రీడ' అంటే పిల్లలు నవ్వుతారు. 'కాల్బంతి' అంటే పెద్దలు కనుబొమలు ముడుస్తారు. భాషాప్రవీణ చదివినవాడినే అయినా ఈ ఒక్కచోట పాండిత్యాన్ని గట్టున పెట్టి నేను ఫుట్‌బాలు అనే అంటాను. పొద్దున్నే పత్రిక చేతబట్టుకొని అరుగుమీద కూర్చుంటే, దారిన పోయేవారు "మాష్టారూ, స్కోరెంత?" అని అడుగుతారు. "రెండు-ఒకటి" అంటే, "రెండు వికెట్లేనా పడ్డాయి?" అంటారు.

1986 ప్రపంచకప్పు నాటికి నేను ఒక చిన్న పట్టణంలో కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. దూరదర్శన్ పుణ్యమా అని మెక్సికోలో జరిగే ఆటలు మన ఇళ్లలోకి వచ్చాయి. అక్కడ మిట్టమధ్యాహ్నం ఆట అంటే మనకు రాత్రి పదకొండున్నర. జూన్ 22, ఆదివారం, అర్జెంటీనా - ఇంగ్లండు క్వార్టర్ ఫైనల్. ఇంటివారి నలుపు తెలుపు పెట్టె ముందు నలుగురం చేరాం. గాలికి యాంటెన్నా తిరిగిపోయినప్పుడల్లా ఒకరు మేడమీదికి పరుగెత్తాలి. మారడోనా చేతితో నెట్టిన మొదటి గోలు చూశాం. అది తప్పా ఒప్పా అని వాదించుకుంటుండగానే కరెంటు పోయింది. ఆ తరువాత నాలుగు నిమిషాలకే ఆయన సగం మైదానం దాటి, ఇంగ్లండు ఆటగాళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ వెళ్లి రెండవ గోలు కొట్టాడు. లోకమంతా చూసిన ఆ గోలును నేను ఎన్నో ఏళ్ల తరువాతగాని చూడలేకపోయాను. గోరుచుట్టుమీద రోకటిపోటన్నట్లు, మర్నాడు మొదటి పీరియడు తొమ్మిదవ తరగతికి యడాగమసంధి! ఆవులింతలకు ఆగమమే తప్ప లోపం లేదు.

ఇవన్నీ సర్దుకుపోదగిన చికాకులే. సర్దుకుపోలేనిది, "ఈ ఆట మనది కాదు కదా మాష్టారూ" అనే మాట.

మనది కాకపోవడమేమిటి? స్వాతంత్ర్యానంతరం భారత ఫుట్‌బాలుకు నడక నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా పట్టభద్రులు. వృత్తిరీత్యా బడిపంతులు; కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠాలు చెప్పినవారు. అందుకే ఆయన మీద నాకు కొంత పక్షపాతం ఉన్నదంటే కాదనను. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ ఏడే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఇంటికి తెచ్చుకుంది. కలకత్తా క్లబ్బులకు ధీటుగా నిలబడినవారు ఇక్కడి పోలీసులు!

ఆయన బోధనలో పంతులుతనం స్పష్టంగా కనిపిస్తుంది. బంతిని కాలివద్ద అట్టేపెట్టుకొని విన్యాసాలు చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలనే పోటీలు మరికొన్ని. చేతిరాత బాగాలేనివాడిచేత కాపీ వ్రాయించడం వంటిదే ఇది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో, మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వారి గడ్డమీదే 4-2తో గెలిచారు. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోల్సు కొట్టాడు. ఆ ఒలింపిక్సులో మనది నాలుగవ స్థానం. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం - అందరూ మన జంటనగరాలవారే.

బలరాం సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేదయింట పుట్టినవాడు. రోజూ హైదరాబాదు వచ్చి సాధన చేయడానికి దారిఖర్చులు లేవంటే, సైకిలు అద్దెకు రహీం సాబ్ డబ్బులిచ్చేవారని బలరామే తరువాత చెప్పుకున్నారు. ఒలింపిక్సు ఆటగాడు తయారు కావడానికి అడ్డుపడింది ఒక అద్దె సైకిలు! మన కరెంటుకోతలూ యాంటెన్నాలూ దీనిముందు ఏపాటివి?

1962 జకార్తా ఆసియా క్రీడలకు వచ్చేసరికి రహీం సాబ్‌ను కేన్సరు పట్టుకున్నది. తొలి ఆటలోనే దక్షిణకొరియా చేతిలో 2-0తో ఓటమి. తైవాన్, ఇజ్రాయెల్‌లను ఆ క్రీడలకు రానివ్వని విషయంలో మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పినందున అక్కడి జనం మనవారిపై మండిపడుతున్నారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ ఆ కొరియాయే ఎదురైంది. మైదానం నిండా ఈలలు, కేకలు. తలకు కుట్లుపడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందువరుసలో నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ ఒకటి - 2-1. స్వర్ణం మనది. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ వెళ్లిపోయారు. అదే ఏడు బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవయ్యేడేళ్లకే ఆట చాలించవలసి వచ్చింది.

నేను బోధించిన తెలుగు వాచకాలలో ఈ పంతులుగారిమీద ఒక్క పాఠమూ లేదు. వానపడి ఆటల పీరియడు రద్దయిన రోజుల్లో నేనే చెప్పేవాడిని. జకార్తా కథ వచ్చేసరికి వెనుకబల్లలవారు కూడా నిశ్శబ్దమయ్యేవారు. ఒకడు మాత్రం ఏటా తప్పక ఉండేవాడు: "సార్, ఆయన బౌలరా, బ్యాట్స్‌మనా?"

2022 మార్చి 20న హైదరాబాదు ఎఫ్‌సి గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి, మా వీధిలో టపాకాయ ఒక్కటీ పేలలేదు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఆనాడూ ఎవరికీ ఏమీ తెలియలేదు. 2023 ఫిబ్రవరి 16న బలరాం కన్నుమూసినప్పుడు ఆ వార్తను పరామర్శగా చెప్పుకోవడానికి ఒక మనిషి కోసం వెదికాను. చివరికి మా పాలబ్బాయితో చెప్పాను. పాపం, "మీ బంధువులా అండీ?" అన్నాడు.

2024లో రహీం సాబ్ జీవితాన్ని 'మైదాన్' అనే హిందీ చిత్రంగా తీశారు. చూసివచ్చిన మా పక్కింటాయన గోడమీదినుంచి పిలిచి, "నిజంగా జరిగిందేనా మాష్టారూ? ఆయనది ఏ ఊరు?" అని అడిగారు. మన హైదరాబాదేనని చెప్పి, లోపలికి రమ్మని కుర్చీ వేశాను. ఆ సాయంత్రం మాకు కాఫీ రెండుసార్లు వచ్చింది.