పేరులో స్టాక్టన్ ముందు, పనిలో డార్లింగ్టన్ ముందు

రైల్వేలో పనిచేసి వచ్చిన మాలాంటి వాళ్ళం నలుగురు కూడితే ఒక వాదం లేస్తుంది. 1825 సెప్టెంబరు 27న ఇంగ్లండులో ఆవిరి బండి నడిచిన లైను పేరు స్టాక్టన్ అండ్ డార్లింగ్టన్ రైల్వే. రెండు ఊళ్ళకీ మధ్య ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. మరి గొప్ప ఏ ఊరిది?

పేరులో స్టాక్టన్ ముందుంది, నిజమే. కానీ 1818లో స్టాక్టన్ పక్షం వాళ్ళు కోరింది రైలు కాదు, కాలువ! అదీ డార్లింగ్టన్‌ని తప్పించి, బొగ్గును నేరుగా తమ రేవుకి చేర్చే కాలువ. డార్లింగ్టన్ వాళ్ళు ఊరుకుంటారా? ఉన్ని వ్యాపారి ఎడ్వర్డ్ పీస్, ఆయన తోటి క్వేకర్లు డబ్బు పోగుచేశారు. క్వేకర్లంటే ఆడంబరం లేకుండా, మౌనంగా ప్రార్థన చేసే క్రైస్తవులు. నక్కల వేట చెడుతుందని ఒక ప్రభువు అడ్డుపడ్డాడు. 1819లో బిల్లు ఓడింది, 1821లో నెగ్గింది.

అందానికి వస్తే మా ఓటు స్టాక్టన్‌కే. టీస్ నది ఒడ్డు, ఎంతో వెడల్పయిన హై స్ట్రీట్, దాని నడుమ టౌన్ హాలు, చుట్టూ సంత. మొదటి బండి వచ్చిన రాత్రి విందు జరిగింది ఆ హాలులోనే. ఆ వీధిలోనే మందుల షాపు పెట్టుకున్న జాన్ వాకర్ 1827లో రాస్తే మండే అగ్గిపుల్లలు అమ్మాడు. పేటెంటు తీసుకోలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు మనవాళ్ళు ఎందరో అగ్గిపెట్టెల పనితో బతికారు, ఆయన పేరు వాళ్ళకి తెలియదు.

పాపం, ఆ రైలే స్టాక్టన్ రేవుని దెబ్బతీసింది. 1830లో లైను మిడిల్స్‌బరో దాకా సాగింది. ఓడలకెక్కే బొగ్గు స్టాక్టన్‌ని దాటిపోయింది. అక్కడ భూమి కొన్న వాళ్ళలో ముఖ్యుడు ఎడ్వర్డ్ కొడుకు జోసెఫ్ పీస్. 1864లో డార్లింగ్టన్‌కి గడియారపు గోపురం కానుకగా ఇచ్చిందీ ఆయనే!

డార్లింగ్టన్ మన పొన్మలై లాంటిది, వర్క్‌షాపుతో బతికిన ఊరు. ఆ నార్త్ రోడ్ వర్క్‌షాపు 1966లో మూతపడింది. పొన్మలైలో సంగు ఊదడం ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మాలో ఇద్దరు మాత్రం ఇంకా స్టాక్టన్ పక్షమే. పేరు ముందున్నవాడే పెద్ద అంటారు. వచ్చే ఆదివారం మళ్ళీ తేల్చుకుంటాం.