కారు దీపాల బల్బుల మార్పిడి

కారు తయారైనప్పుడు అమర్చిన బల్బులను తీసివేసి, వాటి స్థానంలో బయటి మార్కెట్లో విడిగా దొరికే, ఎక్కువ వెలుగునిచ్చే బల్బులను బిగించుకోవడాన్ని కారు దీపాల బల్బుల మార్పిడి అనవచ్చు. హెడ్‌లైట్లు, పార్కింగు లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, నంబరు ప్లేటు లైటు - వీటన్నింటి బల్బులనూ మార్చుకునేవారు ఉన్నారు. అయితే ఎక్కువగా మార్చేది, ఎక్కువ ఇబ్బందులు తెచ్చేది హెడ్‌లైటు బల్బే. హెడ్‌లైటులో బల్బు విడి వస్తువు కాదు. బల్బు, దాని వెనుక ఉండే పరావర్తకం, ముందుండే అద్దం మూడూ కలిసి ఒకే కాంతి పరికరం. వీటిలో బల్బు ఒక్కటే మారితే మిగిలిన రెండింటి లెక్క తప్పుతుంది. అప్పుడు వెలుగు పెరిగినా డ్రైవరుకు దారి కనబడే దూరం పెరగకపోవచ్చు. ఎదురుగా వచ్చేవారికి మాత్రం కళ్ళు చెదురుతాయి.

హెడ్‌లైటు పనిచేసే తీరు

భారతదేశంలో చిన్న కార్లలో చాలాకాలంగా విరివిగా కనిపించేది హెచ్4 రకం హాలోజన్ బల్బు. ఇందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైట్ (హైబీమ్) ఫిలమెంటు 60 వాట్లు, డిమ్ ఫిలమెంటు 55 వాట్లు. బ్రైట్ ఫిలమెంటు పరావర్తకపు నాభి దగ్గర ఉంటుంది కాబట్టి దాని కాంతి తిన్నగా దూరానికి పోతుంది. డిమ్ ఫిలమెంటు నాభికి కొంచెం ముందుగా ఉంటుంది. దాని కింద దొన్నె ఆకారంలో ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. ఫిలమెంటు నుండి కిందికి పోయే కాంతిని ఈ రేకు అడ్డుకుంటుంది. అందువల్ల పరావర్తకపు పై సగం మీద పడిన కాంతి మాత్రమే బయటికి వచ్చి, రోడ్డు వైపు కిందికి వంగుతుంది. గోడ మీద డిమ్ లైటు వేసి చూస్తే కింద వెలుగు, పైన చీకటి, రెంటి మధ్య స్పష్టమైన గీత కనిపించడానికి కారణం ఇదే.

భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి కనుక ఈ గీత ఎడమ అంచున కొంచెం పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవారు, సైకిళ్ళు, దీపం లేని ఎడ్లబండ్లు ఆ వెలుగులోనే కనిపిస్తాయి. కుడివైపు గీత కిందనే ఉండి, ఎదుటి వాహనపు డ్రైవరు కళ్ళలో వెలుగు పడకుండా చూస్తుంది. ఈ అమరిక అంతా ఫిలమెంటు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండడం మీద ఆధారపడి ఉంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా గీత చెదిరిపోతుంది.

పూర్వం ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా హెడ్‌లైటు మీద నల్ల చుక్క పెట్టడం, లేదా పై భాగానికి నల్లరంగు వేయడం భారతదేశంలో చాలాచోట్ల వాడుకలో ఉండేది. ఆ నలుపు చేయాలనుకున్న పనిని ఈ గీత అంతకంటే మేలుగా చేస్తుంది.

బల్బుల రకాలు

మోటారు వాహనాలకు తొలి హాలోజన్ బల్బు హెచ్1 1962లో ఐరోపాలో వచ్చింది. రెండు ఫిలమెంట్ల హెచ్4 1971లో వచ్చింది. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు అంటుకుని, గాజు క్రమంగా నల్లబడుతుంది. హాలోజన్ బల్బులో అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ టంగ్‌స్టన్‌తో కలిసి, దానిని తిరిగి ఫిలమెంటు దగ్గరకు చేరుస్తుంది. ఇందుకు గాజు బాగా వేడిగా ఉండాలి కాబట్టి క్వార్ట్జ్ వాడతారు. దానిని వట్టి చేతితో తాకితే చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది.

బయటి మార్కెట్లో దొరికే హాలోజన్ బల్బులు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, 60/55 వాట్లకు కట్టుబడి, ఫిలమెంటును మరింత సన్నగా, కచ్చితంగా అమర్చినది. వీటి పెట్టెల మీద "100 శాతం అదనపు వెలుగు" వంటి మాటలు ఉంటాయి. ఆ లెక్క రోడ్డు మీద ఒకానొక చోట పడే కాంతికి సంబంధించినదే గాని మొత్తం కాంతికి కాదు. ఇవి మామూలు బల్బులకన్నా త్వరగా కాలిపోతాయి. రెండవది, 100/90 వాట్ల బల్బు. ఇది నిజంగానే ఎక్కువ కాంతి ఇస్తుంది, కాని రోడ్డు మీద వాడకానికి ఆమోదం పొందినది కాదు. మూడవది, నీలిపూత పూసినది. పసుపు కాంతిని కొంత ఆపివేయడం ద్వారా తెల్లగా కనిపించడమే దీని ప్రత్యేకత. అంటే బయటికి వచ్చే కాంతి తగ్గుతుందే గాని పెరగదు. చూడ్డానికి ఖరీదైన కారు దీపంలా ఉంటుందన్నదే దీనివల్ల ప్రయోజనం.

జినాన్ దీపాలను డిమ్ లైటుగా 1991లో బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కారులో మొదట ప్రవేశపెట్టారు. వీటిలో ఫిలమెంటు ఉండదు, రెండు ఎలక్ట్రోడుల మధ్య విద్యుత్ చాపం వెలుగుతుంది. 35 వాట్ల జినాన్ దీపం సుమారు 3,200 ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. హెచ్4 డిమ్ ఫిలమెంటు ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్లే. ఇంత కాంతి కాబట్టే ఐరోపా నియమాలు జినాన్ దీపాలున్న కార్లకు, బరువును బట్టి దీపాన్ని తనంతట తానే పైకీ కిందికీ సర్దే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. ఈ ఏర్పాట్లేవీ లేని హాలోజన్ హెడ్‌లైటులో జినాన్ కిట్టు బిగిస్తే మూడు రెట్ల కాంతి అదుపు లేకుండా నలుదిక్కులా పడుతుంది. పైగా ఈ దీపాన్ని వెలిగించడానికి 20,000 వోల్టులకు పైబడిన విద్యుత్తు కావాలి కనుక కిట్టును తెలియనివారు విప్పడం ప్రమాదకరం.

ఎల్.ఇ.డి. డిమ్ లైటు 2007లో లెక్సస్ ఎల్.ఎస్.600హెచ్ కారుతో వచ్చింది. ఎల్.ఇ.డి. కోసమే రూపొందించిన హెడ్‌లైటు వేరు, హాలోజన్ బల్బు స్థానంలో బిగించే ఎల్.ఇ.డి. బల్బు వేరు. ఫిలమెంటు చుట్టూ అన్ని వైపులా కాంతినిస్తుంది, ఎల్.ఇ.డి.లను ఒక పలకకు రెండు పక్కల అతికిస్తారు. పలక మందం వల్ల కాంతి పుట్టే చోటు మారుతుంది. కొన్ని బల్బులు దీనిని బాగానే అనుకరిస్తాయి, చాలావరకు అనుకరించలేవు. జర్మనీలో 2020లో ఇటువంటి బల్బులకు తొలిసారిగా అనుమతి ఇచ్చినప్పుడు కూడా అన్ని కార్లకు ఇవ్వలేదు. ఏ కారు మోడలు హెడ్‌లైటులో పరీక్షించారో దానికే ఇచ్చారు.

వెలుగు ఎక్కువై చూపు తగ్గడం

సరిపోని బల్బు వల్ల కాంతిలో ఎక్కువ భాగం కారుకు దగ్గరగా, రోడ్డు మీద పది ఇరవై మీటర్ల లోపు పడుతుంది. ముందంతా తెల్లగా వెలిగిపోతుంటే డ్రైవరుకు బాగా కనిపిస్తున్నట్టే తోస్తుంది. కాని ఆ వెలుగుకు కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న చీకటి మరింత చీకటిగా మారుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు అడ్డాన్ని చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టినా అప్పటికే 33 మీటర్లు గడిచిపోతాయి. ఆపైన కారు ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 40 మీటర్లు కావాలి. రోడ్డు పక్క దీపాలు లేకుండా ఆపిన లారీని 70 మీటర్ల దూరం నుంచే చూడగలగాలి గాని, పది మీటర్ల లోపు తారు ఎంత మెరిసినా ఉపయోగం లేదు.

ఎదుటి డ్రైవరు సంగతి ఇంకా ఇబ్బందికరం. కళ్ళు చెదిరినవాడికి దీపం దాటిపోయిన తరువాత కూడా కొన్ని సెకన్లపాటు ఏమీ కనిపించదు. వయసు మళ్ళినవారికి తేరుకోవడానికి మరింత సమయం పడుతుంది. డివైడరు లేని రెండు వరుసల రోడ్డు మీద అతడు తడుముకుంటూ నడిపేది, ఈ కారు పక్క నుంచే.

వైరింగు, వోల్టేజి

100 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల దగ్గర సుమారు 16.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటాయి. 60 వాట్లవి తీసుకునేది 10 ఆంపియర్లే. సన్నని తీగలు, స్విచ్చి, బల్బు హోల్డరు ఈ అదనపు వేడికి కరగవచ్చు. అందుకే ఇటువంటివారు రిలే, మందపు తీగలు వేయిస్తారు. నిజానికి చాలా పాత కార్లలో లోపం బల్బులో ఉండదు, తీగల్లో ఉంటుంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంగా మారుతుంది: వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం తగ్గుతుంది. తుప్పు పట్టిన ఎర్తు తీగను బాగుచేసి, రిలే వేసిన తరువాత పాత బల్బే కొత్త బల్బులా వెలగడం మెకానిక్కులకు తెలిసిన విషయమే.

పాలికార్బొనేట్ అద్దం ఎండకు పసుపుపచ్చగా మారి మసకబారితే దానిని పాలిష్ చేయించాలి. మసక అద్దం వెనుక ఎంత బలమైన బల్బు పెట్టినా కాంతి చెల్లాచెదురవుతుంది. బల్బు మార్చిన తరువాత హెడ్‌లైటు ఎత్తు సరిచూడటం కూడా అవసరం. సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి డిమ్ లైటు వేస్తే, గీత దీపం మధ్యభాగం కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి.

ఇతర దీపాలు

ఇండికేటర్లలో 21 వాట్ల బల్బుకు బదులు ఎల్.ఇ.డి. పెడితే అది తీసుకునే విద్యుత్తు బాగా తగ్గుతుంది. బల్బు కాలిపోయిందని భావించి చాలా కార్లలో ఫ్లాషరు వేగంగా కొట్టుకుంటుంది. దీనికి విరుగుడుగా వేసే రెసిస్టరు బాగా వేడెక్కుతుంది కనుక దానిని ప్లాస్టిక్కుకు తగలకుండా లోహానికి బిగించాలి. వెనుక ఎర్ర అద్దంలో తెల్ల ఎల్.ఇ.డి. పెడితే వెలుగు గులాబీ ఛాయలో కనిపిస్తుంది. ఎర్రదే పెట్టడం మంచిది. బ్రేకు వేసినప్పటి వెలుగుకు, మామూలు వెనుక లైటుకు తేడా తెలియకపోతే వెనుక వచ్చేవాడు బ్రేకును గుర్తించలేడు.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 106వ నియమం ప్రకారం ముందు దీపం కాంతి కిందికి వంగి ఉండాలి. దీపానికి 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తులో కన్ను ఉన్న వ్యక్తికి కళ్ళు చెదరకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చేసిన సవరణతో చేరిన 182ఎ సెక్షను కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. పాడైన బల్బు స్థానంలో అదే రకం, అదే వాట్ల ఆమోదిత బల్బు బిగించడానికి వీటివల్ల ఇబ్బంది లేదు. ఐరోపా నియమాల ప్రకారం ఆమోదం పొందిన బల్బుల మీద వలయంలో "ఇ" అనే ఆంగ్ల అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశపు సంఖ్య ఉంటాయి, జర్మనీకి 1. కొనేముందు పెట్టె మీద కాక బల్బు మట్టు మీదనే ఈ గుర్తును చూసుకోవాలి.