మందు బట్టలు ఎవరు ఉతకాలి?

పత్తి చేలో మందు కొట్టి ఇంటికొచ్చిన మనిషి అంగీని ఒకసారి దగ్గరగా చూడండి. వీపు మీద పంపు ఆనిన చోట, మూత సందు నుంచి కారిన మందు ఎండి తెల్లటి చార కట్టి ఉంటుంది. మోచేతుల దాకా మడిచిన చేతులు జిగటగా ఉంటాయి. పత్తి నడుము దాటి పెరిగే భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో అయితే లుంగీ తొడల దగ్గర తడిసి ముద్దవుతుంది. మందు పడ్డ చెట్లను రాసుకుంటూనే సాలు వెంట నడవాలి మరి. మూతికి కట్టిన తువ్వాలలో ఊపిరి తేమ, మందు వాసన కలిసిపోయి ఉంటాయి. ఈ బట్టలు విప్పి ఎక్కడ పడేస్తారు? దండెం మీదనా, గోలెం పక్కనా, పిల్లల బట్టల మూటలోనా? ఎవరు ఉతుకుతారు, దేనితో ఉతుకుతారు, ఆ నీళ్లు ఎటు పోతాయి? నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పురుగుల మందు కథను అప్పుల వైపు నుంచి, ఆత్మహత్యల వైపు నుంచి చాలామంది రాశారు. రాయాల్సిందే. బట్టల వైపు నుంచి చూసింది మాత్రం తక్కువ. అటు నుంచి చూస్తే నాకు కనిపించేది ఇది: మందు కొట్టే మనిషికి తొడుగు దొరకకపోవడం ఒక లోటు, కానీ అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఒంటి మీది బట్టను విషం వదిలేలా శుభ్రం చేసే బాధ్యత చట్టం చేతుల్లోంచి జారింది, ఊరి చేతుల్లోంచి జారింది, చివరికి ఏ శిక్షణా లేని ఇంటి ఆడవాళ్ల చేతుల్లో పడింది.

పంపు రాకముందు ఈ మెట్ట నేలల్లో పురుగు లేదని కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఒకప్పుడు ఆముదానికి దేశంలోనే పేరున్న జిల్లాలు. ఆముదానికి, పల్లికి పెద్ద శత్రువు ఎర్ర గొంగళి పురుగు. తొలకరి గట్టిగా పడ్డ రెండు మూడు రోజులకు నేలలోని కోశాలు పగిలి రెక్కల పురుగులు ఒక్కసారిగా లేస్తాయి. వాటి గుడ్ల నుంచి వచ్చిన పురుగులు దండుగా ఒక చేను తిని ఇంకో చేనికి కదులుతాయి. ఒళ్లంతా బొచ్చు ఉన్న ముదురు పురుగు మీద మందు అంతగా పని చేయదు. 1980ల చివర స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు, రైతులు కలిసి తెలంగాణ మెట్టల్లో దీనికి వేరే దారి వెతికారు. తొలి వాన తర్వాత రాత్రిపూట చేల గట్ల మీద మంటలు వేయడం, చేను చుట్టూ కందకం తీయడం, కందకంలో జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి పురుగును అక్కడికి రప్పించడం. ఈ పనికి తొడుగు అక్కర్లేదు, కానీ ఊరంతా కలవాలి. ఒక్కడు మంట వేస్తే ప్రయోజనం లేదు; అందరూ ఒకే రాత్రి వేయాలి. దీన్ని స్వర్ణయుగంగా చూపించడం నా ఉద్దేశం కాదు, పంట పోయిన ఏళ్లు అప్పుడూ ఉన్నాయి. నేను గుర్తు చేసేది ఒక్కటే. చేను కాపాడుకోవడం ఊరుమ్మడి పని కాగలదు; పంపు దాన్ని ఒక్క మనిషి వీపు మీదికి ఎక్కించింది.

ఆ వీపు మీదికి వచ్చిన విషాల వరుస పెద్దది. మొదట బీహెచ్‌సీ, డీడీటీ పొడులు. పల్చటి గుడ్డలో మూట కట్టి మొక్కల మీద దులిపేవాళ్లు. తర్వాత ఎండ్రిన్. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి విస్తరించింది, వరితో పాటే మందుల దుకాణాలూ వచ్చాయి. ఎండ్రిన్ అనే పేరు తెలుగు పల్లెల్లో విషానికి మారుపేరైపోయింది. 1990లో ఆ మందును నిషేధించాక కూడా ఆ మాట నోళ్లలో మిగిలింది. జొన్న, ఆముదం వేసే చెలకల్లోకి పత్తి దిగాక మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు రోజువారీ సరుకయ్యాయి. ఇవి నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి, నరాల సంకేతాలను ఆపి వేసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టేస్తాయి. చెమటలు, చొంగ, చూపు మసక, కండరాలు అదరడం దాని గుర్తులు. మందు కొట్టేవాడికి ముక్కు కంటే చేతులు, తొడలు, వీపు పెద్ద ద్వారాలు. కాబట్టి తడిసిన బట్ట ఒక్కోసారి రక్షణ కాకపోగా విషాన్ని చర్మానికి అదిమి పట్టి ఉంచే పట్టీ అవుతుంది.

చట్టం ఈ సంగతి గుర్తించలేదా అంటే, గుర్తించింది. 1958లో కేరళలో పారథియాన్ కలిసిన తిండి సరుకుల వల్ల వందమందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత సాగిన విచారణల ఫలితంగానే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల్లో 39వది రక్షణ దుస్తుల గురించే. మందు లోపలికి ఇంకని గుడ్డతో పైవస్త్రం, టోపీ, ముంజేతి సగం దాకా వచ్చే రబ్బరు చేతితొడుగులు, దుమ్ము చొరని కళ్లద్దాలు, బూట్లు ఉండాలంది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి రాసింది: ప్రతి వాడకం తర్వాత విషం వదిలేలా ఆ గుడ్డ ఉతకడానికి వీలైనదై ఉండాలి. ఖాళీ డబ్బాలను తిరిగి వాడకుండా పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని 44వ నిబంధన చెప్పింది. యాభై ఏళ్ల పైచిలుకు కిందటి మన దేశపు పరిస్థితుల్లో ఇంత వివరంగా ఆలోచించిన వాళ్లను మెచ్చుకోవాలి.

కానీ అదే చట్టంలోని 38వ సెక్షన్ చదివితే మనసు చివుక్కుమంటుంది. ఒక వ్యక్తి తన ఇంటి అవసరానికి గానీ, పెరటి తోటకు గానీ, తాను సాగు చేసే భూమికి గానీ మందు వాడితే ఈ చట్టం వర్తించదని అది మినహాయించింది. రైతును ఇన్‌స్పెక్టర్ల వేధింపు నుంచి కాపాడటానికే ఆ మినహాయింపు పెట్టి ఉండొచ్చు, అది న్యాయమైన భయమే. అయితే దాని ఫలితం ఏమైంది? మందు తయారుచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర, గోదాము దగ్గర ఉన్న 39వ నిబంధన చేను గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికీ పొలం పట్టలేదు. తేయాకు, కాఫీ తోటల సంగతి చూడండి. 2010లో తోట కార్మికుల చట్టాన్ని సవరించి, మందు పట్టుకునే కార్మికులకు యజమాని రక్షణ దుస్తులతో పాటు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు, స్నానపు గది, బట్టలు మార్చుకునే గది ఇవ్వాలన్నారు. నీలగిరి తేయాకు తోటలో న్యాయమైనది దేవరకొండ పత్తి చేలో ఎందుకు కాలేదు? తోటకు యజమాని ఒకడు కనిపిస్తాడు, రెండు మూడెకరాల రైతుకు యజమానీ కూలీ అతనే. చట్టానికి అడగడానికి ఎవరూ దొరకలేదు, అందుకని అడగడమే మానేసింది. పంపుకు ఇంత అని కూలికి వచ్చి మందు కొట్టేవాడి సంగతి ఇంకా అన్యాయం. అతను తన భూమి సాగు చేసేవాడూ కాదు, అతని బట్టలు ఎవరి పద్దులోనూ లేవు.

ఉతకడానికి మన ఊళ్లలో ఒక పాత శాస్త్రం ఉండేది. చాకలి వృత్తిలో బట్టలను చౌడు నీళ్లలో నానబెట్టి, బానల మీద పేర్చి ఉబ్బకు వేసి, ఆవిరి పట్టించి, ఆ తర్వాత చెరువు రేవులో బండ మీద ఉతికేవాళ్లు. చౌడు క్షారం. ఆర్గానోఫాస్ఫేట్లు క్షారపు నీళ్లలో, అందులోనూ వేడి నీళ్లలో త్వరగా విడిపోతాయని రసాయనశాస్త్రం చెబుతుంది. అంటే ఆ మందులు ఊళ్లోకి రాకముందే వాటిని వదిలించే పద్ధతి ఊళ్లో ఉంది. దీన్ని పట్టుకుని పాత కులవృత్తే మేలని ఎవరైనా అంటే ఒప్పుకోను. వెట్టి కింద నలిగిన ఆ కుటుంబాల మీదికి ఊరందరి విషాన్ని కూడా తోసెయ్యడం ఘోరం. ఉబ్బ నీళ్లు పడే చెరువు కూడా అందరిదీ. నేను చెప్పేది వేరు. ఆ వృత్తి సడలి, ఉతుకు ఇంటికి చేరినప్పుడు వేడీ పోయింది, క్షారమూ పోయింది. చల్లటి నీళ్లు, సబ్బు బిళ్ల, ఇంట్లో అందరి బట్టలూ నానే ఒకే గోలెం మిగిలాయి. నూనె రూపంలో ఉండే మందులు పొడి మందుల కంటే గట్టిగా గుడ్డను పట్టుకుంటాయి, ఒక్క ఉతుకుతో పోవు. కలిపి నానబెడితే పక్క బట్టకు అంటుకుంటాయి. తోలు చెప్పులు పీల్చుకున్న మందును ఏ ఉతుకూ వదిలించలేదు. చిక్కటి మందు ఒలికిన బట్టనైతే పారెయ్యమనే నిపుణులు చెబుతారు. రెండు జతలున్న మనిషి ఒక జత పారెయ్యగలడా?

ఇంటికి చేరే విషం అంతేముంటుందిలే అనుకునేవాళ్లు 2003 నాటి ఒక అధ్యయనం చూడాలి. ఆ ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మన దేశంలోని మూడు పత్తి ఊళ్లలో 50 మంది మహిళా రైతులు తమకూ, తమ ఇళ్లలోని 47 మంది మగవాళ్లకూ మందు కొట్టిన ప్రతిసారీ ఏం జరిగిందో నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో 83.6 శాతం సార్లు ఎంతో కొంత విషలక్షణాలు కనిపించాయి. మందు కలపడం, పంపు నింపడం వంటి పనులు, అంటే చిన్న పనులుగా లెక్కేసే ఆడవాళ్ల పనులు కూడా ప్రమాదమేనని తేలింది. భూస్వాముల కంటే బక్క రైతులకే దెబ్బ ఎక్కువ తగిలింది. నరాల మీద తీవ్రంగా ప్రభావం పడ్డ సందర్భాల్లో కూడా ఒక్కరూ వైద్యుడి దగ్గరికి పోలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో, గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో విషం ఒంటికి చేరే ఇంకో దారి ఉంది. అక్కడ పూలకు చేత్తో క్రాసింగ్ చేస్తారు. ఒక్కో మొగ్గ విప్పి, కేసరాలు గిల్లి, మరునాడు మగపూల పుప్పొడి అద్దాలి. ఏళ్ల తరబడి ఈ పనిని ఎక్కువగా చేసింది ఆడపిల్లలు. బడి మానిన ఆ పిల్లల గురించి దేశమంతా చర్చ జరిగింది. మందు పడ్డ మొక్కల మధ్య రోజంతా నిలబడే ఆ వేళ్లకు, ఆ గౌన్లకు తొడుగు గురించి మాత్రం ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు. మందు కొట్టని మనిషి కూడా మందు బట్టలతోనే ఇంటికి పోతుంది.

మన ఎండలకు రబ్బరు తొడుగులు, మాస్కులు ఎవరు వేసుకుంటారు అని అడుగుతారు. నిజమైన ప్రశ్నే. సెప్టెంబరు ఉక్కలో అవి వేసుకుని పంపు మోస్తే సొమ్మసిల్లి పడతారు. రైతుకు తెలియకపోవడం వల్ల వేసుకోవడం లేదనే మాట తప్పు. ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ ప్రవర్తనా నియమావళే ఈ విషయం ఒప్పుకుంది: వేసుకోవడానికి కష్టమైన, ఖరీదైన, తేలిగ్గా దొరకని తొడుగులు కావాల్సిన మందులను, ముఖ్యంగా వేడి దేశాల చిన్న రైతుల విషయంలో, పక్కన పెట్టాలని. అంటే నేరం ఎండది కాదు, రైతుదీ కాదు. అలాంటి మందును ఈ నేలకు అమ్మనిచ్చిన నిర్ణయానిది. అలాగైతే మందులే మానేస్తే సరిపోతుంది కదా అని ఇంకొందరు అంటారు. ఆ దారిలో ఎంత దూరం పోగలిగితే అంత పోవాలి. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కూడా మందు కొట్టడం తగ్గుతుందనుకున్నాం. మొదట్లో తగ్గింది. తర్వాత రసం పీల్చే పురుగులు, బీటీకి అలవాటుపడ్డ గులాబీ రంగు పురుగు పంపును మళ్లీ వీపు మీదికి తెచ్చాయి. 2017లో పక్కనున్న మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. మందు లేని రోజు వచ్చేదాకా ఈ రోజు బట్టలు ఉతకాల్సిందే.

ఉతకడం ఎవరి ఇంటి పని వాళ్లదే, ప్రభుత్వానికేం సంబంధం అనే వాదానికి జవాబు నల్లగొండలోనే ఉంది. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసెయ్యడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. బకెట్టు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కొలిచి వేసి, కలియబెట్టి, తేరనిచ్చి పైనీళ్లు వంపుకోవాలి. శాస్త్రంగా అది చక్కటి ఆవిష్కరణ. కానీ రోజూ ప్రతి ఇల్లాలూ కొలతలతో ఆ పని చేయాలని, అడుగున తేరిన మడ్డిని జాగ్రత్తగా పారెయ్యాలని ఆశించడం ఎక్కడ నిలుస్తుంది? మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడ్‌కు ఎముకలు వంగడం ఆగలేదు. శుద్ధిచేసిన కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాకే ఆ ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. 2015 జూన్‌లో ఇంటింటికీ తాగునీరిచ్చే వాటర్‌గ్రిడ్ పథకపు పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలబెట్టడానికి కారణం ఆ బాధే. విషం వదిలించే పనిని ఒక్కో ఇంటి వసారా నుంచి తీసి ఊరి ఏర్పాటుగా చేస్తేనే అది జరుగుతుందని ఈ జిల్లాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

తొడుగు విషయంలో కొత్త ఆశ కూడా ఉంది. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థలో ప్రవీణ్ కుమార్ వేముల బృందం నూలు గుడ్డకు ఒక రసాయనాన్ని అతికించింది. ఆర్గానోఫాస్ఫేట్ తగలగానే ఆ గుడ్డే దాన్ని విరగ్గొడుతుంది. దాన్నే 2024 డిసెంబరులో కిసాన్ కవచ్ పేరుతో విడుదల చేశారు. ఉతికి ఏడాది దాకా వాడొచ్చు, విడుదలప్పుడు ధర 4,000 రూపాయలు. రబ్బరులా ఉడికించని గుడ్డ కావడం పెద్ద మేలు. కానీ పంపుకింత అని కూలి తీసుకునేవాడు నాలుగు వేలు పెట్టలేడు, కొన్నా ఏడాది తర్వాత దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎవరు మారుస్తారు? తెలంగాణలో రైతులు సమావేశమయ్యే రైతు వేదికలు 2,601 కట్టారు, సుమారు ఐదువేల ఎకరాలకు ఒకటి. ప్రతి వేదికలో పత్తి కాలానికి ఈ తొడుగులు అద్దె లేకుండా ఉంచండి. వెనుక వేడి నీళ్లు, సోడా, నీళ్లు ఇంకే గుంట ఉన్న ఒక ఉతుకు గది కట్టండి, దానికి జీతమిచ్చి, చేతితొడుగులిచ్చి, శిక్షణనిచ్చి మనుషులను పెట్టండి. అప్పటిదాకా పాటించగలిగింది ఇంత: మందు బట్టలు ఇంట్లోకి రాకూడదు, వేరే గోలెంలో అదే రోజు వేడి నీళ్లతో రెండుసార్లు ఉతకాలి, ఎండలో ఆరెయ్యాలి, చేతితొడుగును విప్పకముందే కడగాలి. ఆ బట్టలు విప్పినవాడే వాటిని ఉతకాలి.