వెంచర్ క్యాపిటల్: లాటరీయా, అప్పా, పాలా?

"ఫలానా స్టార్టప్‌కి వంద కోట్ల ఫండింగ్" అని ఫోన్‌లో వార్త కనపడగానే మనం ఏమనుకుంటాం? వాడికి లాటరీ తగిలిందిరా అనుకుంటాం. ఆ డబ్బు ఎక్కడ మొదలైంది, తీసుకున్నవాళ్లు బదులుగా ఏమిచ్చారు? ఈ ఎపిసోడ్‌లో అది చూద్దాం.

ముందు మన పల్నాడు లెక్కలో చెప్తా. మా నకరికల్లు వైపు మిర్చి వేయడానికి అప్పు తెస్తే, పంట పండినా ఎండినా అసలు, వడ్డీ కట్టాల్సిందే. అదే పాలుకి చేస్తే పండింది పంచుకుంటారు, పోతే ఇద్దరికీ పోతుంది. వెంచర్ క్యాపిటల్ ఈ పాలుకి దగ్గర. ఒక్కటే తేడా: వాళ్లు పంటలో భాగంతో ఆగరు, పొలంలోనే వాటా రాయించుకుంటారు.

ఈ పద్ధతి ఒక కంపెనీగా మొదలైంది 1946లో, అమెరికాలో. హార్వర్డ్ ప్రొఫెసర్ జార్జ్ డోరియో, ఇంకొందరు కలిసి ఏఆర్‌డీసీ అనే సంస్థ పెట్టారు. 1957లో వాళ్లు డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో 70 వేల డాలర్లు పెట్టి, సుమారు 70 శాతం వాటా తీసుకున్నారు. తర్వాత ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. అలాంటిది ఒక్కటి తగిలితే చాలు, మునిగిన మిగతా కంపెనీల నష్టం పూడిపోతుంది.

మన దేశంలో కేంద్రం 1988లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 1989లోనే హైదరాబాద్‌లో ఏపీఐడీసీ వెంచర్ క్యాపిటల్ వచ్చింది. దీని అవసరం ఏంటంటే, బ్యాంకు తాకట్టు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల దగ్గర ఏముంటుంది? నాలుగు కంప్యూటర్లు, బుర్రలో ఒక ఐడియా.

ఇక మనందరికీ తెలిసిన కథకి వద్దాం. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామా అనే తెలుగు ఇంజనీరుకి బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఏ ఏజెంటుకీ పూర్తిగా తెలియదు. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి ఆయన 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముందు సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తామన్నా ట్రావెల్స్ వాళ్లు వద్దన్నారు. అందుకే సీట్లు తీసుకుని తామే టికెట్లు అమ్మారు.

2007లో సీడ్‌ఫండ్ అనే సంస్థ పెట్టుబడి పెట్టింది. వీళ్లు లక్షల్లో వేసుకున్న లెక్క, వాళ్లతో మాట్లాడాక సుమారు 3 కోట్లయింది. 2009లో ఇన్వెంటస్, 2011లో హీలియన్ వచ్చాయి. 2013లో రెడ్‌బస్‌ని ఐబిబో గ్రూప్ కొనేసింది. ధర వందల కోట్లలో ఉందని పత్రికలు రాశాయి.

కొనడం, అమ్మడం ఎందుకంటారా? ఫండ్ వాళ్లు పెట్టేది కూడా వేరేవాళ్ల డబ్బే. మామూలుగా ఒక ఫండ్‌కి పదేళ్ల గడువు ఉంటుంది. ఆ లోపు వాటా అమ్మి, డబ్బు తిరిగి ఇచ్చేయాలి. అంటే ఫండింగ్ తీసుకున్న రోజే గడియారం మొదలైనట్టు. కంపెనీ లాభంలో ఉంటే సరిపోదు, గడువులోపు ఎన్నో రెట్లు పెరగాలి.

మనకి దీంతో పనేంటంటే, గుంటూరు కోల్డ్ స్టోరేజీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేసి నెలకి లక్ష మిగుల్చుకునే కుర్రాడికి ఏ వెంచర్ ఫండూ డబ్బు పెట్టకపోవచ్చు. అంతమాత్రాన అతనిది పనికిరాని ఐడియా అయిపోదు. వాళ్ల లెక్కకి అది సరిపోదు, అంతే. సొంత లాభంతో మెల్లగా పెంచుకోవచ్చు.

స్టార్టప్‌లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకీ ఒక మాట. జీతం తగ్గించి షేర్లు ఇస్తామంటే, కంపెనీ అమ్ముడైనప్పుడు ముందు ఎవరికి డబ్బు వెళ్తుందో అడగండి. చాలా ఒప్పందాల్లో ఇన్వెస్టర్లు పెట్టింది ముందు తీసుకున్నాకే మిగతావాళ్ల వంతు. తక్కువ ధరకి అమ్ముడైతే మీ చేతికి ఏమీ రాకపోవచ్చు.

పాలుకిచ్చేటప్పుడు మన పెద్దోళ్లు పంపకం ముందే మాట్లాడుకుంటారు. కోట్ల ఫండింగ్‌కైనా అదే పద్ధతి. మీరైతే వాటా ఇస్తారా, సొంతంగా నడుపుతారా? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!